మామిడి కొత్తకు ముందు కొరికిన కాయ

అనంతగిరిలో మాస్టారు పోయారని పోస్టుకార్డు వచ్చింది. అది నాకు చేరేసరికి దహనం జరిగి ఆరు రోజులైంది. రాసింది పక్కింటి కొత్త టీచరు. మాస్టారు నవలలు రాసేవారని ఆయనకు తెలియదు.

నాకు బడిలో తెలుగు చెప్పిన మాస్టారు, తర్వాత బదిలీ మీద కొండెక్కి అక్కడే ఉండిపోయారు. డెబ్భైల మొదట్లో ఆయన సీరియల్ వస్తున్న వారపత్రిక విశాఖ బస్టాండులో వచ్చిన పూటే అయిపోయేది. పట్నం ఇంజనీరు, కొండపిల్ల ప్రేమకథ అది. ఒక భాగంలో ఆ పిల్ల తొలి మామిడికాయ కోసి, తాను కొరికి, అతనికి ఇస్తుంది. ఆ బొమ్మనే ముఖచిత్రంగా వేశారు. పాఠకుల ఉత్తరాలు సంచులతో వచ్చాయి.

అచ్చయిన ప్రతి భాగాన్నీ మాస్టారు వరండాలో కూర్చుని, వంట చేసే చిలకమ్మకు చదివి వినిపించేవారు. ఆవిడది ఆ కొండ మీది ఊరే. ఆ మామిడికాయ భాగం చదివిన రోజు నేనూ ఉన్నాను. ఆవిడ చెరుగుతున్న చేట కింద పెట్టేసింది.

"ఏటి బాబూ, కొత్త సెయ్యకుండానే కాయ కొరికేసిందా? మా ఊరి ఆడగుంట అలాగ సేత్తాదేటి?"

కొత్త అంటే అక్కడి మామిడి పండుగ. ఊరంతా కలిసి దేవతకు పెట్టేదాకా ఎవరూ ఆ ఏటి కాయ నోట పెట్టరు.

"కథే కదా, చిలకమ్మా."

"కతైతే మా ఊరి పేరెందుకెట్టావు? మీ ఊరి పేరెట్టుకో" అని ఆవిడ నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

సీరియల్‌ను పుస్తకంగా వేయడానికి ప్రచురణకర్త సిద్ధంగా ఉన్నాడు. ఆ సన్నివేశం తీసేయమని మాస్టారు రాశారు. అది లేకపోతే ఎవరు కొంటారని జవాబు వచ్చింది. నేనూ అదే మాట అన్నాను.

"ఉంచెయ్యండి మాస్టారూ, చదివేవాళ్లలో ఎవరికి తెలుస్తుంది?"

"తెలిసినావిడ లోపల అన్నం వండుతోందయ్యా."

పుస్తకం రాలేదు. మరో సీరియల్ ఎవరూ అడగలేదు.

తర్వాత ఏడేళ్లు ఒకే నవల రాశారు. ప్రతి అధ్యాయం చిలకమ్మకు వినిపించేవారు. ఆవిడ కాదన్నది కొట్టేసేవారు. రాతప్రతిని ఇద్దరు ప్రచురణకర్తల దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ప్రేమకథ లేదని ఒకరు, కారణం చెప్పకుండా ఒకరు తిప్పి పంపారు. ఆ సంగతి చెబితే మాస్టారు, "కాఫీ తాగుతావా?" అన్నారు. ఆ సన్నివేశం ఉంచెయ్యమని అప్పుడు ఇచ్చిన సలహాకు నేను ఆయన్ని క్షమాపణ అడగలేదు.

కిందటేడు ఆఖరిసారి వెళ్లాను. చిలకమ్మ పోయి అప్పటికి ఏడాది. మిట్టమధ్యాహ్నమే వరండాలోకి మబ్బు దిగింది. ఆయన నన్ను చూడలేదు. ఎదురుగా ఎవరూ లేకపోయినా కాగితం పట్టుకుని పైకే చదువుతున్నారు. ఒక వాక్యం దగ్గర ఆగారు. తల కాస్త పక్కకు వంచి, చాలాసేపు విన్నారు. తర్వాత పెన్సిలు తీసి ఆ వాక్యం కొట్టేశారు.