బీరువా చక్రాల కింద నిమ్మకాయలు

ఆ రోజుల్లో తలుపంటే తెరిస్తే తెరుచుకునేది, మూస్తే మూసుకునేది. పక్కకు జరిగే తలుపు కూడా ఉంటుందని కాడుగోడికి కాపురానికి వచ్చాకే తెలిసింది నాకు. మా ఒంటిగది ఇంట్లో మంచం వేశాక మామూలు బీరువా తలుపు తెరవడానికి చోటు లేదు. మా ఆయన ఎక్కడో మూతపడిన ఆఫీసు నుంచి పాత చెక్క బీరువా ఒకటి తెచ్చాడు (చవకగా వచ్చిందన్నాడు కాబట్టి ఊరుకున్నాను). కింద ఇనప పట్టా, దాని మీద చిన్న చక్రాలు. తోస్తే తలుపు గడగడమంటూ రైలులా పోయేది.

ఆయుధపూజ వచ్చింది. స్కూటరు చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు నాలుగు తెచ్చాడాయన. "రెండు చక్రాల బండికి నాలుగెందుకు తెచ్చినారు?" అని కసిరాను. పూజకు తెచ్చినవి పులిహోరలో పిండడానికి మనసొప్పలేదు, పారేయడానికి అసలే ఒప్పలేదు. చక్రాలున్నదల్లా బండే కదా (మూడో తరగతితో బడి మానేసిన బుర్ర ఇంతకంటే ఏం ఆలోచిస్తుంది)! తలుపుకు పసుపు కుంకుమ పెట్టి, మిగిలిన రెండూ పట్టా మీద పెట్టి, దండం పెట్టుకుని, బలంగా ఒక్క తోపు తోశాను. స్కూటరైతే నలిపేసి ముందుకు పోయింది. తలుపు మాత్రం నిమ్మతొక్కను చక్రాల్లో ఇరికించుకుని బిగుసుకుపోయింది.

సెలవు కదా అని మా ఆడబిడ్డ పెళ్లిచూపులకు ఆ సాయంత్రమే హొసకోటె వాళ్లు వస్తున్నారు. దాని పట్టుచీర ఆ తలుపు వెనకే ఉండిపోయింది.

"ఏం చేసినావు వదినా?"

"పూజ చేసినా."

మా ఆయన లాగాడు, నేను కాలు పెట్టి తన్నాను. కదల్లేదు. ఇంతలో వాళ్లు గడపలోకి వచ్చేశారు. మా ఆడబిడ్డ వంట మరకల చీర కుచ్చిళ్లు ఎగదోపి, తలుపు ఒక కొస పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే కేకేసింది. "ఊరికే చూస్తా ఉండారే, ఆ పక్క ఎవరన్నా పట్టుకోండప్పా!"

పట్టుకున్నది పెళ్లికొడుకు. ఇద్దరూ కలిసి తలుపును పట్టా మీంచి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. అప్పుడు చూసుకున్నారు ఒకరి మొహం ఒకరు.

పెళ్లికొడుకు వాళ్లమ్మ నలిగిన నిమ్మకాయ తీసి చూపించింది. "ఇదేందమ్మా, బీరువాకు గూడా దిష్టి తగులుతాదా?"

"చక్రాలుండాయి కదా" అన్నాను, తగ్గకుండా.

ఆమె నవ్వీ నవ్వీ ఆ తలుపు మీదే కూలబడింది. పట్టుచీర తీసుకుని మార్చుకోవడానికి బయల్దేరిన మా ఆడబిడ్డతో ఆ అబ్బాయి, "ఇంకా చీరెందుకు లెండి, చూసేసినాను కదా" అన్నాడు. మాఘమాసంలో పెళ్లయింది. నిమ్మకాయ పనిచెయ్యలేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు మనవరాలింట్లో బీరువా తలుపు ఒక్క వేలితో నెడితే చాలు, చప్పుడు లేకుండా జరిగి చివర్లో తనంతట తానే మెల్లగా మూసుకుంటుంది. పండగనాడు మనవరాలు ముందే, "అవ్వా, నిమ్మకాయలు నాకియ్యి" అని చెయ్యి చాపుతుంది. ఇచ్చేస్తాను. అది అటు పోగానే ఆ తలుపును ఊరికే అటూ ఇటూ జరిపి చూస్తాను. కాలెత్తి బీరువాను తన్నిన ఆ మొండిది గుర్తొచ్చి నవ్వొస్తుంది. తలుపు బాగానే ఉంది. అవతల పట్టుకోమని ఎవరినీ కేకెయ్యాల్సిన పనే లేదు.