సిగ్నల్ దగ్గర ఆగిన గాలి

మూడుసార్లు గ్యాస్ నింపించినా నా కారు ఏసీ సిగ్నల్ దగ్గర వేడిగాలే కొట్టేది, ఇంజనూ వేడెక్కేది. కదిలితే రెండూ చల్లబడేవి. కారును మెకానిక్ షెడ్డులో వదిలి, నారాయణగూడలో బస్సెక్కి, ఫోన్‌లో చెల్లెలితో మొత్తుకుంటున్నాను.

చిక్కడపల్లి సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. పక్క సీటులోని పెద్దావిడ కిటికీ దగ్గర అరచెయ్యి పెట్టి చూపించింది.

"బస్సాగితే గాలి ఆగింది, సూడు బిడ్డా. కారు ఆగినప్పుడు రేడియేటర్‌కు, దాని ముందటి ఏసీ జాలీకి గాలి కొట్టేది ఫ్యానే. అది తిరుగుతుందో లేదో సూసినవా? పదేండ్లు టాక్సీ నడిపిన, చెప్తున్న."

అశోక్‌నగర్‌లో దిగి, ఇంటికి పోకుండా ఎదురు బస్సెక్కాను.

షెడ్డులో మెకానిక్ నాలుగోసారి గ్యాస్ నింపడానికి పైపు తీశాడు. "ముందు బానెట్ ఎత్తి ఏసీ వెయ్యండి," అన్నాను. ఇంజన్ వేడెక్కేదాకా ఇద్దరం నిలబడి చూశాం. ఫ్యాన్ కదల్లేదు.

ఆయన గ్యాస్ పైపు చుట్టేశాడు.