రెండో రిమోట్

మా ఎదురింటి అక్కని వాళ్ళ మాటలోనే ఆపా అని పిలిచేవాణ్ణి. ఆపా చిన్నప్పటి నుంచీ రెండో రిమోటే పట్టుకునేది. మొదటిది వాళ్ళ అన్నయ్యది. నరసరావుపేటలో మా వీధి మొత్తానికి టీవీ గేమ్ వాళ్ళింట్లోనే ఉండేది. అందులోని తుపాకుల ఆటలో ఇద్దరూ కలిసి నడిస్తేనే తెర ముందుకు జరుగుతుంది. ఆపా ప్రతి గుంట దగ్గరా వెనకబడేది.

"ఆగు భాయ్, వస్తన్నా," అనేది.

అతను తెర అంచున ఆగి, ఆమె వచ్చేదాకా ఊరికే గెంతుతూ ఉండేవాడు.

అతను చనిపోయి ఏడాదైంది. మొన్న ఆదివారం, పాత ఆటలన్నీ ఉన్న చిన్న పెట్టె ఒకటి కొని వాళ్ళ టీవీకి తగిలించాను. ఎందుకు కొన్నానో నాకూ సరిగా తెలియదు. ఆపా రెండో రిమోట్ తీసుకుని, ఇద్దరాడే ఆట పెట్టింది.

"ఒక్కళ్ళే ఆడొచ్చు ఆపా," అన్నాను.

"తెలుసులేరా."

ఆటలో ఆమె మనిషి గుంటలన్నీ దాటి తెర అంచుకు వెళ్ళి ఆగాడు. మొదటి రిమోట్ మనిషి వెనకే, మొదలైన చోటే నిలబడి ఉన్నాడు. తెర కదలలేదు. నేను మొదటి రిమోట్ అందుకోబోయాను.

"దాన్ని ముట్టుకోమాక," అంది, గొంతు పెంచకుండా.

శత్రువు వచ్చి వెనకవాణ్ణి కాల్చాడు. వాడు పడిపోయి, మళ్ళీ లేచి అక్కడే నిలబడ్డాడు. శత్రువు మళ్ళీ కాల్చాడు. వాడు మళ్ళీ లేచాడు.

"ఇందులో ప్రాణాలు అయిపోవంట్రా?"

"అయిపోవు ఆపా. కొత్తవాటిల్లో అట్లా పెట్టుకోవచ్చు."

"మనప్పుడు మూడే ఇచ్చేవోళ్ళు గదా," అంది.

తర్వాత బటన్ నొక్కింది. తెర అంచున ఆమె మనిషి ఊరికే గెంతుతున్నాడు.