కంపెనీది కాని గీత

నా చిన్నప్పటి వేసవి సెలవులు చాలావరకు అనకాపల్లిలో, మా పెదనాన్న వాచీల కొట్లోనే గడిచాయి. పిల్లలు లేని ఆయన నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని పని చూపించేవాడు. నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది ఆయన కుడిచెయ్యి కొద్దికొద్దిగా వణకడం మొదలైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం తెలుసు.

ఒకరోజు పొద్దున్నే బెల్లం వ్యాపారి ఒకాయన కొత్త విదేశీ వాచీ తెచ్చాడు. చైను వదులుగా ఉంది, రెండు లింకులు తియ్యాలి. అంత ఖరీదైన వాచీ ఆ కొట్టుకి రావడం అదే మొదటిసారి. సాయంత్రం వస్తానని ఆయన మార్కెట్‌కి వెళ్ళిపోయాడు.

పెదనాన్న కంటికి భూతద్దం బిగించుకుని చాలాసేపు చూసి, తర్వాత నాకిచ్చాడు. తొమ్మిది దగ్గర అతికించిన బంగారు గీత వెంట్రుకవాసి పక్కకి ఒరిగింది. అద్దం లోపల సన్నటి నూలుపోగు. పెద్దముల్లు అంచు సరిగా నునుపు తేలలేదు. ఇంత గొప్ప వాచీ ఇలాగా అని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఆ కంపెనీలోనూ తప్పులు సూసేవోళ్ళు ఉంటారమ్మా. పొద్దల్లా సూసి సూసి ఆళ్ళ కళ్ళూ అలిసిపోతాయి," అన్నాడు.

లింకు పిన్ను తీస్తుండగా ఆయన చెయ్యి వణికింది. పనిముట్టు జారి వాచీ పక్క అంచున చిన్న గీత పడింది. మామూలు కంటికి ఆనదు. నేనే అన్నాను, అదీ కంపెనీవాళ్ళదేనని చెప్పెయ్యమని. పెదనాన్న చైను బిగించడం పూర్తిచేశాడు. మధ్యాహ్నం అన్నం ముందు నుంచి సగంలో లేచిపోయాడు.

సాయంత్రం వ్యాపారి వచ్చాడు. పెదనాన్న భూతద్దం ఆయన చేతికే ఇచ్చి, డయలు మీది లోపాలు ఒక్కొక్కటే చూపించి, కంపెనీకి రాస్తే మార్చి ఇస్తారన్నాడు. వ్యాపారి ముఖం మాడిపోయింది. వాచీని తిప్పితిప్పి చూస్తూ పక్కనున్న గీత దగ్గర ఆగాడు.

"ఇదీ ఆళ్ళ పనేనేటి?"

అవునంటే అక్కడితో అయిపోయేది.

"కాదు బాబూ, అది నాదే. ఈ మధ్య సెయ్యి వణుకుతోంది. జారిపోనాది."

వ్యాపారి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వాచీ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా పెదనాన్న చెయ్యి సంగతి మార్కెట్టంతా తెలిసిపోయింది. ఆ తర్వాత మంచి వాచీ ఏదీ ఆ కొట్టుకి రాలేదు. కొన్నాళ్ళు గోడగడియారాలూ అలారం గడియారాలూ బాగుచేసి, రెండేళ్ళకి కొట్టు మూసేశాడు. నిజం చెప్పడం వల్ల ఆయనకి మేలు జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చాలాకాలం ఆయన మీద కోపంగానే ఉన్నాను.

పెద్దయ్యాక, చాలా పనులు మారి, అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో చేరాను. బెల్టు మీద పోయే మాత్రల్లో విరిగినవీ మచ్చపడినవీ ఏరే పని. ఒకసారి నేను చూసి వదిలిన పెట్టెల్లో పగిలిన మాత్రలు బయటపడ్డాయి. మిషనులో తేడా వచ్చి ఉంటుందని సూపర్‌వైజరే అన్నాడు. నేను తలూపితే చాలు. కానీ కళ్ళు మూతలు పడుతున్నా లేవకుండా కూర్చున్నానని, తప్పు నాదేనని చెప్పాను. మెమో చేతికిచ్చి వేరే పనిలోకి మార్చారు.

పెదనాన్న నాకిచ్చి వెళ్ళిన అలవాటు సుఖమైనదని అనను. చాలాసార్లు వదిలించుకుందామనే చూశాను. ఇప్పటికీ ఇంట్లో ఏదైనా చెడితే, అందరూ ఎవరు చేశారని వెతుకుతుంటారు. నేను ముందు నా చేతులు చూసుకుంటాను.