పసుపు పూసిన పెట్టె

మియాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంటులో ఈ వేసవంతా లిఫ్టు ఉన్నట్టుండి ఆగిపోయేది, కాసేపటికి తనంతట తానే మళ్లీ కదిలేది. ఆగినప్పుడల్లా కమిటీవాళ్లు వాచ్‌మన్ మీద విరుచుకుపడేవారు. లిఫ్టులో ఆడుకునే పిల్లల్ని బెదిరించడానికి అతనే స్విచ్చి కట్టేస్తున్నాడని వాళ్ల అనుమానం. ఒకరోజు నేను కూరగాయల సంచితో కింద నిలబడి ఉంటే, అతను నా వైపు తిరిగి "నేను బంద్ చేస్తలేను సార్, గదే బందయితున్నది" అన్నాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. ఎన్నో ఏళ్ల కిందట మా బావ నోట విన్నది కూడా అచ్చం ఈ మాటే.

బావ అంటే మా పెద్దక్క భర్త. మదీనాగూడ దగ్గర బొంబాయి రోడ్డు పక్కన, ఇప్పుడు బట్టల షాపులు ధగధగలాడే చోట, అప్పట్లో అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీ ఉండేది. అందులో అన్నిటికన్నా పెద్ద మిషను ఆయన చేతిలో నడిచేది. నన్ను ఎలక్ట్రికల్ సెక్షన్లో పెట్టించిందీ ఆయనే. దసరాకు ఆయుధపూజ చేస్తే అందరూ మిషనుకు ఒక బొట్టు పెట్టి ఊరుకునేవారు, ఆయన మాత్రం కంట్రోల్ ప్యానెల్ తలుపు తీసి, లోపల మిషనును నడిపి ఆపే రిలేలకు కరెంటు అందించే సప్లయి పెట్టెకు నిండా పసుపు రాసేవాడు. ప్రాణమంతా అందులోనే ఉందని ఆయన నమ్మకం. అక్క పంపిన పులిహోర తింటుంటే ఆ పూట గ్రీజు వాసనలో కూడా పసుపు వాసన వచ్చేది.

మిషను పాతబడ్డాక ఆ జబ్బు మొదలైంది. మధ్యాహ్నాలు నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగేది, కాసేపటికి ఏమీ ఎరగనట్టు నడిచేది. "నేను బంద్ చేస్తలేను, గదే బందయితున్నది, కరెంటు పోతున్నది" అని బావ చెప్పేవాడు. మనవాళ్లకు ఏది ఆగినా కరెంటు పోవడమే కదా. లైట్లన్నీ వెలుగుతుంటే కరెంటు పోవడమేమిటండీ అని మేనేజరు నవ్వేవాడు. ఆ నవ్వు నాలుగు నోళ్లూ తిరిగి, కునుకు తీయడానికి ఆయనే ఆపుతున్నాడన్న మాటగా మారింది. పనిదొంగ, కామ్‌చోర్ అన్నారు. ఇంకోసారి ఆగితే గేటు బయటికేనని మేనేజరు తేల్చేశాడు. ఇంట్లో అక్క అన్నం కలిపి పెట్టినా ఆయన కంచం పక్కకు జరిపేసేవాడు.

నేను ప్యానెల్ తలుపు తీసి మీటరు పెడితే అన్నీ సరిగ్గానే ఉండేవి. డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటినొప్పి లాంటిది. తలుపు తీయగానే లోపలికి గాలి తగిలి పెట్టె చల్లబడుతోందన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది. అప్పుడు మీటరు తీగల్ని అడుగునున్న రంధ్రంలోంచి బయటికి లాగి, తలుపు బిగించి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. పైన రేకులు కాగేవేళకు మీటరు ముల్లు ఒక్కసారి కిందికి వాలి లేచింది, రిలేలు విడిపోయాయి, మిషను ఆగింది. బావ రెండు చేతులూ అట్టల మీదే ఉన్నాయి. ఆనందం పట్టలేక పరుగున పెట్టె విప్పాను.

గాలి ఆడే చిల్లులన్నీ పసుపుతో పూడుకుపోయి ఉన్నాయి. లోపల ఆ ఉక్కకు ముసలి కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. కొత్త పెట్టె బిగించి ఊరుకుంటే మిషను నడుస్తుంది గానీ, బావ మీద పడ్డ నింద పోదు. నింద పోవాలంటే పాత పెట్టెను పసుపుతో సహా మేనేజరు ముందు పెట్టాలి. ముందు బావకే చూపించాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, "చూపియ్ బామ్మర్దీ. కామ్‌చోర్ అనేకంటే పిచ్చోడు అంటేనే నయం" అన్నాడు.

మేనేజరు నమ్మాడు, తప్పుగా అనుకున్నానని నలుగురిలో అన్నాడు కూడా. బావ కొలువు నిలిచింది. కానీ మరుసటి దసరాకు కుంకుమ భరిణె అందిస్తే ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తలుపుకు బయట పెట్టు బావా, ఏమీ కాదని ఎంత బతిమాలినా వినలేదు. ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆయన ఆ మిషనుకు మళ్లీ బొట్టు పెట్టలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, ఆయనా లేడు.

మొన్న లిఫ్టువాళ్లు వచ్చి, ఎందుకు ఆగుతోందో చూడకుండానే కంట్రోల్ బోర్డు మొత్తం మార్చి వెళ్లారు. వాళ్లను తప్పుపట్టను, ఇప్పుడు పని అలాగే నడుస్తుంది; కారణం వెతుకుతూ స్టూలు వేసుకుని కూర్చునే తీరిక ఎవరికీ లేదు. మా కాలంలో ఆ తీరిక ఉండబట్టే ఒక మనిషి పరువు దక్కింది. నాకు పాత బుద్ధి పోక, సెల్లారులో పారేసిన పాత బోర్డును ఇంటికి తెచ్చి విప్పాను. కెపాసిటరు ఉబ్బి ఉంది. దాన్ని పట్టుకుని గబగబా కిందికి వెళితే గేటు దగ్గర కొత్త మనిషి లేచి సలాం చేశాడు. బోర్డు కంటే ముందే వాచ్‌మన్‌ను మార్చేశారట. ఏ ఊరు వెళ్లాడని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.