ఎడమ భుజం మీది తువ్వాలు

ఆ హోటల్లో అందరూ ఆయన్ని గురువుగారూ అని పిలిచేవారు. మొదట్లో ఎగతాళికే అని ఉంటారు. ముప్పై ఏళ్ళు ఒకే హాల్లో, అవే పద్నాలుగు టేబుళ్ళ మధ్య తిరిగిన సర్వరుకి ఏదో ఒక పేరు అంటుకోక తప్పదు. రానురాను అది నిజంగానే ఆయన పేరైపోయింది, ఎందుకంటే కొత్తగా చేరిన ప్రతి సర్వరూ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. నాలుగు ప్లేట్లు ఒక్క చేతి మీద ఎలా నిలపాలి, వేడి సూపు తొణక్కుండా వంటింటి మలుపు ఎలా తిరగాలి, మండిపడుతున్న మనిషికి ఎంత దూరంలో నిలబడాలి, అన్నీ ఆయన నేర్పినవే. వాటితోపాటు ఇంకొకటి కూడా నేర్పాడు.

జీతం ఏ కాలంలోనూ సరిపోయేది కాదు. యజమాని ఇచ్చింది ఇంటద్దెకి పోతే, ఇంట్లో పొయ్యి వెలిగేది కాఫీ సాసరు కింద జనం పెట్టి వెళ్ళే టిప్పుతోనే. అందుకని, తలుపు తోసుకుని లోపలికొచ్చే మనిషిని చూడగానే టిప్పు పెట్టే రకమో కాదో పసిగట్టడం గురువుగారు పట్టుబట్టి సాధించాడు. బట్టలు చూసి మోసపోయేవాడు కాదు. చెప్పులు చూసేవాడు. మెనూ కార్డు ఇవ్వగానే పదార్థాల పేర్లు వదిలేసి ధరల వరస చదివేవాళ్ళని, కుర్చీ అంచున కూర్చునేవాళ్ళని, సంచీ ఒళ్ళో పెట్టుకుని దాని మీద చెయ్యి తియ్యనివాళ్ళని చూసేవాడు. టిప్పు రాలే టేబుల్‌కి తడి టేబుల్ అని, రాలనిదానికి పొడి టేబుల్ అని పేరు పెట్టాడు. దానికో గుర్తు కూడా ఉంది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టిన సర్వరు భుజం మీది తువ్వాలు కుడివైపే ఉంచుకుంటే తడి, ఎడమ భుజానికి మార్చుకుంటే పొడి. నోరు విప్పాల్సిన పనే లేదు. సర్వర్లందరికీ తెలిసిపోతుంది, కూర్చున్నవాళ్ళకి మాత్రం ఏమీ తెలియదు.

పొడి టేబుల్‌కి మంచినీళ్ళు వెంటనే ఇవ్వాలి. ఆ తర్వాత మిగతా అందరి పనీ అయ్యేదాకా అటు తొంగిచూడకూడదు. వాళ్ళు చెయ్యెత్తితే కళ్ళు కలపకుండా పక్క టేబుల్ మీద ఉప్పు సీసా సర్దుతూ దాటిపోవాలి. మరీ గట్టిగా పిలిస్తే నవ్వి "ఒక్క నిమిషమండీ" అనాలి. "పొరపాటున కూడా కసరొద్దురా నాయనా. కసిరితే లేచి యజమాని దగ్గరికి పోతారు. నవ్వితే అలాగే కూర్చుంటారు" అని చెప్పేవాడు గురువుగారు. ఇంత పాడు విద్యని ఇంత ఓపిగ్గా, ఇంత ముద్దుగా నేర్పిన మనిషి ఇంకొకడు ఉండి ఉండడు. అలాగని రాతిగుండె మనిషేం కాదు. పొడి టేబుల్ దగ్గర ఏ ముసలమ్మో అరగంటసేపు నీళ్ళ గ్లాసు తిప్పుకుంటూ కూర్చుంటే ఆయనకీ జాలేసేది. మొహం తిప్పుకుని వేరే టేబుల్‌కి వెళ్ళిపోయేవాడు.

ఆ తువ్వాళ్ళు ఉతికేది ఆయన భార్యే. ఉన్నది ఒక్క గది, గది ముందు ఇద్దరు పక్కపక్కన నిలబడలేనంత వసారా. ఆ వసారాలోనే తాడు కట్టి, హోటల్ తువ్వాళ్ళన్నీ గంజిపెట్టి ఆరేసి, ఇస్త్రీ చేసి, మూడు మడతలు పెట్టి పొద్దున్నే మూట కట్టి ఇచ్చేది. ఎలాంటి మరకైనా ఆవిడ చేతిలో పడితే వదిలిపోవాల్సిందే. అన్నేళ్ళలో ఆవిడ ఆ హోటల్ గడప తొక్కలేదు. సర్వరు పెళ్ళాం వచ్చి టేబుల్ దగ్గర కూర్చుంటే బాగుండదని ఆయనే అనేవాడు. అని ఊరుకుంటే పోయేది. ఇంటికొచ్చి ఊరించేవాడు. గాజు దీపాలట, తెల్లటి టేబుల్ గుడ్డలట, వెన్నలో వేయించి నిమ్మకాయ పిండిన చేపట. "లోపలికొచ్చినవాళ్ళు రాజైనా కూలీ అయినా మాకు ఒకటేనే" అని కూడా చెప్పేవాడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం తలొంచుకుని బూట్ల తాళ్ళు విప్పుకునేవాడు.

ఆవిడ ప్రతి మాటా నమ్మింది. నమ్మి, ఆ చేప ఎలా ఉంటుందో మళ్ళీ మళ్ళీ అడిగేది. "ఓసారి తీసుకెళ్తాలేవే" అని ఆయనా మళ్ళీ మళ్ళీ అనేవాడు.

చివరికి మోకాళ్ళు మొరాయించాయి. ట్రే పట్టుకుని వంటింటి మెట్టు దిగుతూ రెండుసార్లు తూలాడు. రెండోసారి యజమాని కంట్లో పడ్డాడు. "ఇంక విశ్రాంతి తీసుకోండి పెద్దాయనా" అన్నాడు యజమాని, చాలా దయగా. పొమ్మనడాన్ని అంత దయగా చెప్పడం కూడా ఒక కళే. వెళ్ళేముందు ఏం కావాలో అడగమంటే గురువుగారు కాసేపు కాళ్ళవైపు చూసుకుని, "నా భార్యతో కలిసి ఇక్కడ ఒక్క పూట కూర్చుని తింటానండీ, అందరిలాగా" అన్నాడు. యజమాని మొహం వెలిగిపోయింది. ఇంత చవకగా తెములుతుందని ఆయన అనుకోలేదు.

ఆ కబురు విన్న దగ్గర్నుంచి ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు. పక్కింటావిడ దగ్గర ఫోర్కు ఒకటి అడిగి తెచ్చుకుని మూడు రోజులు దాంతోనే అన్నం తిన్నది.

"కన్ను పొడుచుకునేవ్, జాగ్రత్త" అన్నాడాయన.

"మీకేం, మీరు నిలబడి చూసేవాళ్ళు. తినేవాళ్ళ కష్టం మీకేం తెలుసు?" అంది ఆవిడ.

ఆయన నవ్వాడు. ఈ ఒక్క పూట ఆవిడ మర్యాదగా కూర్చుని, మర్యాదగా వడ్డిస్తే తిని, తను చెప్పిందంతా నిజమేనని అనుకుంటే చాలు. ముప్పై ఏళ్ళ చాకిరీకి ఆయన కోరుకున్నది అంతే.

ఆ రోజు ఆయన పొద్దున్నే వెళ్ళి సర్వరు కోటు అప్పజెప్పాడు. ఆవిడ్ని మధ్యాహ్నం పన్నెండున్నరకి రమ్మన్నాడు. తలుపు దగ్గర పొడుగాయన ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, ఏడాది కిందట చేరి గురువుగారి దగ్గర అందరికంటే త్వరగా పని నేర్చుకున్న సర్వరు. ఆవిడ ఎవరో అతనికి తెలియదు. గురువుగారు గల్లా పక్కన నిలబడి ఉండగానే ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. కుట్లు వేయించిన చెప్పుల్ని గుమ్మంలో పట్టా మీద ఒకసారి తుడిచి, చాలదనుకుని మళ్ళీ తుడిచింది. పొడుగాయన చూపించిన కుర్చీ అంచున కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేసుకుంది.

పొడుగాయన వెనక్కి తిరిగాడు. తిరుగుతూ తువ్వాలుని కుడి భుజం మీంచి తీసి ఎడమ భుజం మీద వేసుకున్నాడు.

గురువుగారు గబగబా వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని, "మా ఆవిడ" అన్నాడు.

"అయ్యో, ముందే చెప్పరేం గురువుగారూ! కూర్చోండి, కూర్చోండి, ఒక్క నిమిషం" అన్నాడు పొడుగాయన నవ్వుతూ.

గురువుగారు కూర్చుని, తువ్వాలు మళ్ళీ కుడివైపుకి వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఎందుకొస్తుంది? బిల్లే లేని టేబుల్‌లో టిప్పెక్కడిది? సొంతవాళ్ళ టేబుల్ కంటే పొడి టేబుల్ లేదని నేర్పింది తనే. "మనవాళ్ళు ఎక్కడికి పోతారు, ముందు బయటివాళ్ళని చూడు" అని ఇదే పొడుగాయనకి, ఇదే హాల్లో, కిందటేడు చెప్పాడు.

మంచినీళ్ళు వెంటనే వచ్చాయి.

అంతలో ఏదో ఆఫీసువాళ్ళు పదిహేనుమంది బిలబిలమంటూ వచ్చి మూడు టేబుళ్ళు కలిపి వేయించుకున్నారు. అందరి తువ్వాళ్ళూ కుడివైపు ఉన్నాయి. హాలంతా అటు తిరిగిపోయింది. ఆవిడ మాత్రం దీపాలు చూసింది, టేబుల్ గుడ్డ అంచు వేళ్ళతో తడిమి "ఇది మన ఇస్త్రీ కాదు" అంది. పావుగంట గడిచింది. చుట్టుపక్కలవాళ్ళని చూసి, అలాగే పిలవాలి కాబోలనుకుని, ఆవిడ చెయ్యి పైకెత్తింది. పొడుగాయన పక్క టేబుల్ మీద ఉప్పు సీసా సర్ది వెళ్ళిపోయాడు. ఎత్తిన చేత్తో ఏం చెయ్యాలో తెలియక ఆవిడ జుట్టు సరిచేసుకుంది.

గురువుగారికి తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి గట్టిగా అడగొచ్చు. అడిగితే ఆవిడకి తెలిసిపోతుంది. అడక్కపోతే ఆవిడ అలాగే కూర్చుంటుంది. ఇంకెంతసేపు కూర్చోవాలో ఆ హాల్లో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఆ లెక్క కట్టిందే ఆయన కదా. పొడుగాయన దగ్గరగా వచ్చినప్పుడల్లా కళ్ళు కలపాలని చూశాడు. అతని చూపు ఆయన తల మీదుగా, చెవి పక్కగా వెళ్ళిపోయింది. బాగా నేర్చుకున్నాడు వెధవ.

"పాపం, ఊపిరాడని పనిలో ఉన్నట్టున్నారు. మీరు లేకపోతే ఎంత ఇబ్బందో చూడండి" అంది ఆవిడ.

ముప్పావుగంట తర్వాత సూపు వచ్చింది, చల్లారిపోయి, పైన మీగడ కట్టి. దానితోపాటు పొడుగాయన వంగి గురువుగారి చెవిలో, "చేప అయిపోయింది గురువుగారూ, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. చేప ఎటు పోయిందో గురువుగారు చూశాడు. ఆఖరి ఆరు ప్లేట్లూ వాళ్ళ టేబుల్ పక్కనుంచే ఆఫీసువాళ్ళ దగ్గరికి వెళ్ళాయి. వెన్న వాసనకి ఆవిడ తలతిప్పి "అదేనా?" అని అడిగింది కూడా. అదేనని తను గొప్పగా తలూపాడు. ఇప్పుడు లేదని చెప్పడానికి మొహం చెల్లలేదు. కానీ చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ "పోనీలెండి, రొట్టె మెత్తగా ఉంది" అని, నేర్చుకొచ్చిన ఫోర్కుతో రొట్టెని జాగ్రత్తగా పొడిచి తినడం మొదలుపెట్టింది. రొట్టెని చేత్తో తినొచ్చని చెప్పే ఓపిక ఆయనకి లేకపోయింది.  ఇన్నేళ్ళలో ఇలా కూర్చోబెట్టినవాళ్ళు ఎంతమందో అనిపించింది. ఆ మొహాలు ఒక్కటీ గుర్తురాలేదు. చెప్పులు మాత్రం గుర్తొచ్చాయి.

కాఫీలయ్యాక ఆవిడ సంచీ విప్పి, అడుగు నుంచి నాలుగు మడతల పెద్ద నోటు ఒకటి తీసి సాసరు కింద పెట్టింది. ఇస్త్రీ డబ్బుల్లోంచి దాచుకున్నది.

"ఏం చేస్తున్నావే! మనం పెట్టక్కర్లేదు, తీసెయ్" అన్నాడాయన.

"మీరూరుకోండి. ముప్పై ఏళ్ళు మనం తిన్న తిండి ఇలా సాసరు కింద నుంచి వచ్చిందేగా. పెట్టకుండా ఏ మొహంతో లేవను?" అంది ఆవిడ.

నోటు అంచు సాసరు పక్కనుంచి కనబడుతోంది. హాలు అవతల పొడుగాయన తల ఇటు తిరిగింది. తువ్వాలు ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి వచ్చింది. మూడంగల్లో అతనూ వచ్చాడు. ఆవిడ కుర్చీ వెనక్కి జరిపాడు. సంచీ అందించాడు. ముందు నడిచి తలుపు తీసి పట్టుకుని, "మళ్ళీ తప్పకుండా రావాలి అమ్మగారూ" అని తలవంచి మరీ చెప్పాడు.

వీధిలోకి వచ్చాక ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి.

"చూశారా! ఎంత మర్యాద, ఎంత మర్యాద! నన్ను అమ్మగారన్నాడు. ఇదంతా మీరు నేర్పిందేగా?"

"ఆఁ. నేనే నేర్పాను" అన్నాడాయన.

మోకాలు పట్టేసి ఆయన ఆగితే ఆవిడా ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ అంది: "ఒక్కటి మాత్రం అతనికి చెప్పండి. తువ్వాలు ఊరికే ఆ భుజం మీంచి ఈ భుజానికి, ఈ భుజం మీంచి ఆ భుజానికి మారుస్తున్నాడు. పాపం తెలియక చేస్తున్నట్టున్నాడు. నేను చేసిన ఇస్త్రీ అంతా నలిగిపోతోంది."

"చెప్తాలే" అన్నాడు గురువుగారు. మర్నాటి నుంచి ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళే పని ఆయనకి లేదు.