ఏడూ నాలుగూ పదకొండు

మైనపు దిమ్మలు పదహారు వందల నలభై మూడు. స్లైడులు, పగిలినవీ కనబడనివీ కలిపి, తొమ్మిది వందల పన్నెండు. మందునీళ్ళు ఇంకిపోయి, లోపలి గుండెకాయో మూత్రపిండమో చింతపండులా ఎండిపోయిన గాజు సీసాలు ఇరవై ఆరు. మైనం కోసే యంత్రపు కత్తులు రెండు. మా పాథాలజీ శాఖ పాత కట్టడం విడిచి కొత్త కట్టడానికి మారుతోంది కనుక, ఇన్నేళ్ళలో ఏవేవి పోయాయో లెక్క తీయమని నాకు చెప్పారు. మూడు వారాలు బీరువాలన్నీ తోడి ఈ జాబితా రాసి ఇచ్చాను. బొద్దింకలు మైనం తింటాయని, అందులో పొదిగిన మనిషి కండముక్కను కూడా వదలవని బయటివాళ్ళకు తెలియదు. మదురై ఎండకు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయిన దిమ్మలూ ఈ లెక్కలోవే. జాబితా తీసుకున్న గుమాస్తా ఊరికే పోకుండా, "అన్నా, అట్లనే మన పాత పెద్ద డాక్టరు గురించి నాలుగు మంచి మాటలు రాసి ఇయ్యండి. ప్రారంభోత్సవం పుస్తకంలో వేసేదానికి" అన్నాడు. కొత్త కట్టడంలో పాఠాలు చెప్పే గదికి ఆయన పేరు పెడుతున్నారట. మంచి మాటలు ఎన్ని ఉన్నాయో వెతికాను. రెండు దొరికాయి. సమయానికి వచ్చేవాడు. చేతిరాత బాగుండేది. తక్కిన రెంటికి బదులు ఇది రాస్తున్నాను. వాళ్ళు వేయరని తెలుసు.

నేను డాక్టరును కాను. ఈ ఆస్పత్రిలోనే మా నాయన వార్డులు తుడిచాడు. నేను ఎనిమిదితో చదువు ఆపి, ఆయన వెనకాలే వచ్చి, లాబులో సీసాలు కడగడంతో మొదలుపెట్టి టెక్నీషియన్ దాకా ఎక్కాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. బడిలో చదివింది అరవంలో. ఈ తెలుగు అక్షరాలు కూడా నలభై ఏళ్ళు దాటాక ఒక వాచకం కొనుక్కొని నేర్చుకున్నవే. చిన్నప్పుడు బస్సు టిక్కెట్టు మీది అంకెలు కూడుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ జబ్బు పోలేదు. లాబులో పని ఇలా ఉంటుంది: రోగి ఒంట్లోంచి తీసిన ముక్కలు సీసాలో వస్తాయి. పెద్ద చదువుకు వచ్చిన డాక్టర్లు, మూడేళ్ళు మా దగ్గర శిక్షణలో ఉండేవాళ్ళు, వాటిని చూసి, కోసి, చిన్న డబ్బీలలో వేస్తారు. రాత్రంతా యంత్రంలో నానాక మరునాడు పొద్దున ఆ ముక్కలను పట్టకారుతో తీసి కరిగిన మైనంలో పొదుగుతాము. ఆరాక పలచగా కోసి, రంగు వేసి, స్లైడు చేస్తాము. ఏ డబ్బీలో ఎన్ని ముక్కలు వేశారో నేను ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఎవరూ అడగలేదు. రాయకపోతే నాకు అన్నం దిగేది కాదు.

పెద్ద డాక్టరు అన్నూరు దగ్గర భూములున్న ఇంటివాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా ఇంట్లోనూ తెలుగే. ఇన్ని వందల ఏళ్ళుగా ఇద్దరం అదే భాషను ఈ సీమలో వేరువేరు వీధుల్లో కాపాడుకుంటూ వచ్చాం. ఆయన డాక్టర్లతో ఇంగ్లీషు, గుమాస్తాలతో అరవం మాట్లాడేవాడు. తెలుగు నన్ను తిట్టడానికి అట్టిపెట్టుకున్నాడు. నన్ను "కణక్కుపిళ్ళై" అనేవాడు, అంటే ఊరి కరణం అని. శిక్షణ అంటే ఆయనకు నిలబెట్టడం. అయిదుగురు డాక్టర్లను బల్ల ముందు వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేత స్లైడు చూపించి, చెప్పింది నచ్చకపోతే ఆ స్లైడును కిటికీలోంచి విసిరేవాడు. నా కాలంలో ముప్పై ఒకటి విసిరాడు. కింద కారు పెట్టేచోట అద్దం పెంకులు ఏరింది మా అక్కే, ఆమెదీ తుడుపుపనే. ఆ ముప్పై ఒకటీ పగిలినవాటి లెక్కలో కలిపి రాశాను.

ఆ అయిదుగురిలో ఒకమ్మాయిది బోడినాయకనూరు. తండ్రి ఏలకుల మండీలో తూకం చూసేవాడు. అందుకని పెద్ద డాక్టరు ఆమెను "ఏలక్కాయ" అని పిలిచేవాడు. తక్కిన నలుగురూ నవ్వేవాళ్ళు. వాళ్ళ వంతు రాకుండా ఉండాలంటే నవ్వాలి. ఆమెదీ ఇంట్లో తెలుగే కనుక నన్ను అన్నా అనేది. అందరిలో నన్ను అడిగి నా నోటుబుక్కు చూసింది ఆమె ఒక్కతే. "బాగుండాది అన్నా. మా నాయన కూడా ఇట్లే, మూటలు ఎంచినాకనే కాఫీ తాగతాడు" అంది. ఆమెకు మూడేళ్ళు ముగిసేందుకు రెండు నెలలు మిగిలి ఉండగా జరిగింది ఇది. లాగ్‌బుక్కు మీద పెద్ద డాక్టరు సంతకం పెడితే పరీక్ష. పరీక్ష అయితే కోయంబత్తూరులో ఉద్యోగం సిద్ధంగా ఉంది.

ఒక సోమవారం పొద్దున నేను పొట్ట ముక్కలు మైనంలో పొదుగుతున్నాను. కొత్తగా చేరిన డాక్టర్లను వెంటబెట్టుకుని పెద్ద డాక్టరు వచ్చాడు. "తప్పుకో, కణక్కుపిళ్ళై. వీళ్ళకు నేను చూపిస్తాను" అని నా చేతిలోని పట్టకారు లాక్కున్నాడు. ఒక రోగివి ఏడు ముక్కలు, తరువాతి రోగివి నాలుగు, గబగబా పొదిగాడు. ఒకరి ముక్కలకూ ఇంకొకరి ముక్కలకూ నడుమ పట్టకారును వేడి చేసి తుడవాలి. మా పనిలో మొదటిరోజు నేర్పేది అది. ఆయన తుడవలేదు. పాఠం చెబుతున్నాడు గదా, చేతులకంటే నోరు ఎక్కువ పనిచేస్తోంది. నేను పక్కనే నిలబడి చూశాను. తుడవమని అనలేదు.

మంగళవారం ఆ రెండో రోగికి కేన్సర్ అని ఆయన సంతకం పెట్టాడు. పళని కొండ మెట్ల దగ్గర టెంకాయలు అమ్మే మనిషి. గురువారం పొట్టలో సగం తీసేయడానికి ఆపరేషన్ పెట్టారు. బుధవారం బోడినాయకనూరు అమ్మాయి క్లాసు కోసం ఆ స్లైడు చూసి నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఈ కేసులో మనం ఎన్ని వేస్తిమి?"

"నాలుగు మ్మా."

"నిజమా?"

"నా కణక్కు ఎప్పుడు తప్పిండాది?"

"స్లైడులో అయిదు ఉండాయి. నాలుగూ బాగుండాయి. అయిదోదాంట్లోనే కేన్సర్."

ముందు రోగి స్లైడు తీసి చూసింది. ఏడు వేసినచోట ఆరు ఉన్నాయి. ఆ రోగికి నిజంగానే కేన్సర్. ఏడూ నాలుగూ పదకొండు, ఆరూ అయిదూ పదకొండు. మొత్తం చెదరలేదు, ఒక ముక్క మాత్రం పట్టకారుకు అంటుకుని ఒక మనిషిలోంచి ఇంకొక మనిషిలోకి నడిచి పోయింది. ఇద్దరం నోటుబుక్కు తీసుకుని ఆయన గదికి వెళ్ళాం. ఆయన తల ఎత్తకుండానే, "ముక్కలు ఎంచేదానికి కూరగాయల అంగడి ఉండాది. చూసేదానికి వచ్చిండావు ఇక్కడికి, ఎంచేదానికి కాదు. సరి, పో" అన్నాడు. ఆమె బయటికి వచ్చి, వరండాలో నిలబడి, నేరుగా ఆపరేషన్ చేయబోయే డాక్టరుకు ఫోను చేసింది. ఆపరేషన్ ఆగింది. మళ్ళీ ముక్కలు తీశారు. వట్టి పుండు. ఆ మనిషి మందులు తీసుకుని పళని బస్సు ఎక్కాడు. తన సగం పొట్ట ఎవరు మిగిల్చారో అతనికి తెలియదు.

తరువాతి వారం విచారణ పెట్టారు. పెద్ద డాక్టరు, బయటి శాఖలవాళ్ళు ఇద్దరు, బల్లకు ఇవతల ఆ అమ్మాయి, తలుపు దగ్గర నేను. ముక్కలు డబ్బీలలో వేసింది ఆమె కనుక కలగలిసింది ఆమె చేతిలోనే అన్నాడు ఆయన. వేసినప్పుడు ఎంచాను సార్, మైనం దగ్గరే కలిసి ఉంటుంది అంది ఆమె. అప్పుడు ఆయన నావైపు తిరిగాడు. బయటివాళ్ళిద్దరికీ తెలుగు రాదు. చాలా మెత్తగా, ఇంటి మనిషిని పలకరించినట్టు తెలుగులో అన్నాడు. "నీ పర్మనెంటు ఫైలు నా మేజ మీదనే ఉండాది రా. నేను తుడవకపోతే నువ్వు చూస్తివా? బాగా నెనుపు తెచ్చుకొని చెప్పు."

అప్పటికి పదకొండేళ్ళుగా దినకూలి లెక్కన ఉన్నాను. అందరికీ అర్థం కావాలని అరవంలో చెప్పాను: "పాక్కల సార్." చూడలేదు అని.

ఆ గదిలో ఆయన తెలుగు అర్థమైన మూడో మనిషి ఆమె. బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను.

"పిల్లోళ్ళు ఎంతమంది అన్నా మీకు?"

"ముగ్గురు మ్మా."

"సరి" అంది. దిగి వెళ్ళిపోయింది.

ఆయన లాగ్‌బుక్కు మీద సంతకం పెట్టలేదు. శ్రద్ధ చాలదని రాసి, ఇంకొక విడత శిక్షణ చేయమన్నాడు. ఆ రాతే బాగుండేది అని పైన రాశాను. కోయంబత్తూరు ఉద్యోగం వేరేవాళ్ళకు పోయింది. ఆ నెలలోనే నేను పర్మనెంటు అయ్యాను. జూలై ఒకటో తేదీ నుంచి ఆమె మళ్ళీ అదే బల్ల ముందు నిలబడింది. స్లైడులు విసిరితే ఊరుకుంది. ముక్కలు డబ్బీలో వేసేటప్పుడు మాత్రం నాకు వినబడేలా పైకి ఎంచేది, ఒకటి, రెండు, మూడు అని, చివర నావైపు చూడకుండా. డిసెంబరు ముప్పై ఒకటిన ఆయన సంతకం పెట్టాడు. ఆమె పరీక్ష రాసి గెలిచి వెళ్ళిపోయింది. పెద్ద డాక్టరు పెన్షన్ తీసుకుంటూ అన్నూరు దగ్గర తోటలో ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడని చెబుతారు. ఇప్పుడు ఆయన పేరు గోడకు ఎక్కుతోంది.

ఈ సంగతి తెలిసిన ఒకరిద్దరు, ఆరు నెలలే గదా, ఎప్పుడో అయిపోయింది అంటారు. ఆరు నెలలు అనేది లెక్క తెలియనివాళ్ళ మాట. జూలై ముప్పై ఒకటి, ఆగస్టు ముప్పై ఒకటి, సెప్టెంబరు ముప్పై, అక్టోబరు ముప్పై ఒకటి, నవంబరు ముప్పై, డిసెంబరు ముప్పై ఒకటి. అందులో సగం ఆయన ఇవ్వాలి, సగం నేను ఇవ్వాలి అని ఒకప్పుడు పంచి చూశాను. పంచితే తగ్గేది కాదు అది. మా ఇద్దరి వయసులూ కరుగుతున్నాయి గాని, ఆ అమ్మాయికి మేము పడిన బాకీ ఇవాళ్టికీ నిండుగా నూట ఎనభై నాలుగు రోజులు.